మద్రాసు పెదనాన్న

మాయాబజార్‌లో ఘటోత్కచుడి భోజనం పాట పాడింది మాధవపెద్ది సత్యం. తెర మీద లడ్డూలు మింగింది ఎస్వీ రంగారావు. ఈ రెండు ముక్కలూ చెప్పి ఊరుకుని ఉంటే నా పరువు నాకు దక్కేది.

మాది 1974 పదో తరగతి బ్యాచి. తెనాలి పక్కన పల్లెటూరి హైస్కూలు. పరీక్షలు దగ్గర పడుతుండగా ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. మా ఊరి మైకుసెట్టు కొట్లో రోజంతా ఆయన పాటలే వేశారు. చదువుకోవాల్సిన మేమంతా ఆ కొట్టు అరుగు మీదే కూర్చున్నాం. జూలైలో రంగారావూ వెళ్ళిపోయారు. అలాంటి ఏడాదిలో బడి వదిలినవాళ్ళం కాబట్టేనేమో, పాత పాట వినిపిస్తే మావాళ్ళు కలిపిన ముద్ద కూడా కంచంలో వదిలేస్తారు. 2020లో కరోనా అందర్నీ ఇళ్ళలో కూర్చోబెట్టేసరికి ఎవడికో బుద్ధి పుట్టి వాట్సాప్ గ్రూపు పెట్టాడు. కూకట్‌పల్లిలో ఉన్నవాళ్ళు, వైజాగ్‌లో ఉన్నవాళ్ళు, డాలస్‌లో కొడుకింటికి వెళ్ళి విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుబడ్డవాడు, ఊరు వదలకుండా మినుము వేసుకుంటున్నవాడు, అందరం పోగయ్యాం. నేను బ్యాంకులో రిటైరై ఖాళీగా ఉన్నాను. రోజూ పొద్దున్నే ఒక పాట పెట్టే బాధ్యత నెత్తినేసుకున్నాను. నన్నెవరూ అడగలేదు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

మొదట్లో పద్ధతిగానే ఉన్నాను. మిస్సమ్మ, 1955, సంగీతం సాలూరు రాజేశ్వరరావు, రచన పింగళి, ఎన్టీఆర్‌కి పాడింది ఏ.ఎం. రాజా, సావిత్రికి పి. లీల. కింద యూట్యూబు లింకు. చిన్నప్పుడు రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు చెప్పినట్టే చెబుతున్నానని నాలో నేనే మురిసిపోయేవాణ్ణి. దానికి వచ్చేది ఒక బొటనవేలు, రెండు దణ్ణాలు. ఆ దణ్ణాలు కూడా మా బ్యాచిలో ఒకడు పాట విన్నా, చావుకబురు విన్నా పెట్టేవేనని తర్వాత తెలిసింది.

నా మంట వేరే. గ్రూపులో ఇంకొకడున్నాడు. వాడు రోజూ ఒక స్ఫూర్తి కథ పెడతాడు. రిక్షా తొక్కే తండ్రి, వీధిదీపం కింద చదువుకున్న కూతురు, చివర్లో ఆమె కలెక్టరై అదే రిక్షా ఎక్కి ఆఫీసుకి వెళ్ళడం. ఆ కలెక్టరమ్మకి పేరుండదు, జిల్లా ఉండదు. కన్నీళ్ళు మాత్రం ఉంటాయి. దానికి హృదయాలే హృదయాలు. డాలస్‌వాడైతే "కళ్ళు చెమర్చాయిరా" అని గొంతు రికార్డు చేసి మరీ పంపేవాడు. నా రాజేశ్వరరావుకి ఒక్క బొటనవేలు, వాడి రిక్షాకి ఇన్ని హృదయాలా? ఈర్ష్య లాంటి పెద్ద మాటలెందుకు, కడుపు మండింది.

అలా ఒక పొద్దున భోజనం పాట పెడుతూ కింద రాశాను: "ఈ పాట రికార్డు చేసిన రోజు ఏకాదశి. మాధవపెద్ది వారు కటిక ఉపవాసం. మంచినీళ్ళు కూడా ముట్టకుండా విందు పాట పాడారు. ఆ గొంతులో వినిపించే ఆకలి నటన కాదు మిత్రులారా, నిజం!" పైగా "ఆకలిని ఆనందంగా మార్చినవాడే కళాకారుడు" అని ఒక సూక్తి తగిలించాను. ఏకాదశి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ రోజు మా ఇంట్లో ఏకాదశి. నాకు ఉప్మా పెట్టారు. అంతే దాని చరిత్ర.

ఫోను మోగిపోయింది. హృదయాలు, చప్పట్లు, ఏడుపు మొహాలు. డాలస్‌వాడి గొంతు ఈసారి నిజంగానే వణికింది. రిక్షా కథలవాడు కూడా "అద్భుతం" అన్నాడు. ఆ మాట కోసం నేను ఇంకేమైనా రాసేసేవాణ్ణి. రాశాను కూడా. మిస్సమ్మలో వెన్నెల పాట తీస్తుంటే కరెంటు పోయిందనీ, పైనున్న చంద్రుడే వచ్చి ఆదుకున్నాడనీ రాశాను. లైట్లతో వెన్నెల పుట్టించిన మార్కస్ బార్ట్‌లే పనితనమంతా ఒక్క వాక్యంతో చంద్రుడికి కట్టబెట్టేశాను.

ఇంతకీ నిజంగా జరిగినవి వీటికంటే రంజుగా ఉంటాయి. ఆ మిస్సమ్మ వేషం మొదట భానుమతిది. కొంత తీశాక ఆవిడ తప్పుకుంటే సావిత్రికి వచ్చింది, అక్కణ్ణుంచి సావిత్రి సావిత్రి అయింది. మాయాబజార్‌కి రాజేశ్వరరావు నాలుగు వరసలు కట్టి మధ్యలో వెళ్ళిపోతే, మిగతా పని ఘంటసాల నెత్తిన పడింది. 1957 నుంచి వింటున్నారు జనం, చెయ్యి ఎక్కడ మారిందో చెవికి దొరకదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే పక్కన పెట్టాను. వీటిలో ఎవరూ ఉపవాసం లేరు.

ఆరు నెలలో ఏడాదో గడిచింది. ఒకరోజు కాఫీ తాగుతుంటే మా ఆవిడ తన అక్కచెల్లెళ్ళ గ్రూపులో వచ్చినదేదో పైకి చదవడం మొదలెట్టింది. "ఏవండీ, ఇది విన్నారా? మాయాబజార్ పాట పాడిన రోజు శివరాత్రిటండీ. పాపం ఆయన జాగారం చేసి మరీ వచ్చారట. పాట అవగానే కళ్ళు తిరిగి పడిపోతే రంగారావు గారే స్వయంగా నిమ్మరసం తాగించారట." కింద ప్రమిద బొమ్మ, "ఓ ప్రముఖ దర్శకులు చెప్పిన యథార్థ గాథ", "పదిమందికీ పంపండి".

మనిషన్నవాడు అక్కడ ఏం చెయ్యాలి? సిగ్గుపడాలి, లేదా నవ్వుకోవాలి. నేను కప్పు బల్ల మీద ఠపీమని పెట్టి, "శివరాత్రి కాదు, ఏకాదశి!" అన్నాను.

"మీకెట్లా తెలుసు?"

"నాకు తెలుసు."

"పేపర్లో వచ్చిందా?"

"రాలేదు. నిమ్మరసం కూడా లేదు. రంగారావు ఆ రోజు అక్కడ లేనే లేడు."

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీరున్నారా మరి?" అని లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నానికి అదే శివరాత్రి మా గ్రూపులోకీ వచ్చింది. పెట్టినవాడు రిక్షా కథలవాడే. నా సొత్తు, నా ఇంట్లోనే, వాడి చేతి మీదుగా! పైగా దానికి నా ఏకాదశికంటే ఎక్కువ హృదయాలు. వెంటనే కొట్టాను: "మిత్రమా, అసలు విషయం ఏకాదశి. శివరాత్రి అన్నది తర్వాత ఎవరో అల్లిన కల్పన. చరిత్రను వక్రీకరించవద్దు." ఆ ఆఖరి వాక్యం నాకు ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువొస్తే వినిపిస్తుంది.

అప్పుడు లేచాడు మైకుసెట్టు. ఆ కొట్టాయన కొడుకు. హాజరు పట్టీలో తప్ప వాణ్ణి అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. వాడింట్లో ఇప్పటికీ 78 ఆర్‌పీఎం రికార్డులు అట్టపెట్టెల్లో ఉన్నాయి. గ్రూపులో మామూలుగా నోరు మెదపడు. "ఒరేయ్, ఆ పాట వరస సినిమాకంటే ముందే నాటకాలవాళ్ళ దగ్గర ఉంది. అది చెప్పవు. ఏకాదశి అని నీకెవరు చెప్పార్రా?" అని అడిగాడు.

తప్పించుకోడానికి దారి లేకపోలేదు. "ఎక్కడో చదివాన్రా" అంటే అయిపోయేది. సగం దేశం ఆ మాట మీదే బతుకుతోంది. నాకది చిన్నతనంగా తోచింది. "మా పెదనాన్న అప్పట్లో మద్రాసులో ఉండేవాడు. వాహినీ స్టూడియోలోకి రాకపోకలుండేవి. ఆయన స్వయంగా చెప్పాడు" అని రాశాను. పెదనాన్న పోయి చాలాకాలమైంది, ఆ ధైర్యం.

మా పెదనాన్న కొడుకు ఆ గ్రూపులోనే ఉన్నాడు. నాతోపాటే పదో తరగతి, ఒకే బెంచీ. వాడి పేరు కింద "టైపింగ్" అని చాలాసేపు కనిపించింది. చివరికి వచ్చింది ఒక్క లైను: "మా నాన్న మద్రాసు ఎప్పుడెళ్ళాడ్రా? ఆయన గూడూరు కూడా దాటలేదు."

ఆ తర్వాత ఎవరూ ఏమీ పెట్టలేదు. పొద్దుణ్ణుంచి రాత్రిదాకా శుభోదయాలూ శుభరాత్రులూ కురిసే గ్రూపు అది. నేను ఫోను పట్టుకుని బాత్రూంలో కూర్చున్నాను, అక్కడికి ఎవరూ రారని.

సాయంత్రం మైకుసెట్టు ఫోను చేశాడు. తిడతాడనుకున్నాను. "ఒరేయ్, నీకు గుర్తుందా?" అని మొదలెట్టాడు. పెళ్ళిళ్ళలో బంతి వెయ్యగానే వాళ్ళ నాన్న ఆ రికార్డే పెట్టేవాడు. రికార్డు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకే వస్తుంది, సూది అరిగితే మార్చుకుంటూ ఉండాలి. ఒక పెళ్ళిలో ఆ పని నాకప్పజెప్పి ఆయన భోజనానికి కూర్చున్నాడు. బూరెల వాసన తగిలేసరికి నేను పెట్టెని గాలికొదిలేసి బంతి చివర దూరాను. సూది ఘటోత్కచుడి నవ్వు దగ్గర గాడిలో ఇరుక్కుపోయింది. అదే నవ్వు, మళ్ళీ అదే నవ్వు, తాటిచెట్టుకి కట్టిన మైకులోంచి ఊరంతా వినిపించింది. వడ్డించేవాళ్ళు నెయ్యి గిన్నెలు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడి నవ్వారు. మగపెళ్ళివారి తాలూకు పెద్దాయన ఒకరు, తను నాలుగోసారి బూరె అడిగినందుకే నవ్విస్తున్నారని అలిగి విస్తరి ముందునుంచి లేచిపోయాడు.

"మా నాన్న ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడ్రా," అన్నాడు మైకుసెట్టు. "ఇది పెట్టొచ్చుగా నువ్వు?"

గుర్తులేక కాదు. ఆ ఏకాదశినాడు పాట పెడుతున్నప్పుడు కూడా గుర్తొచ్చింది. కానీ అందులో నేను తిండిపోతుని, పైగా సూక్తి పెట్టడానికి చోటు లేదు. అందుకని వదిలేశాను. మర్నాడు ముందు క్షమించమని రాసి, కింద ఈ పెళ్ళి సంగతి ఉన్నదున్నట్టు రాశాను. నాలుగైదు బొటనవేళ్ళు వచ్చాయి. డాలస్‌వాడు మాత్రం "ఆ అలిగినాయన మా అమ్మమ్మ తమ్ముడేరా" అన్నాడు. ఇక దాని మీద వాదన పట్టుకుంది. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చింది ఎవరు, రెండో బంతిలో కూర్చున్నాడా, కూర్చుంటే బూరెలు మిగిలాయా, అప్పుడు మైకులో ఏ పాట ఉంది. పాటలు పెట్టినన్నాళ్ళూ ఎప్పుడూ పలకనివాళ్ళు కూడా పలికారు.

శివరాత్రి కథకి మాత్రం నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అది ఇళ్ళిళ్ళూ తిరుగుతోంది. మొన్న ఒక ఫంక్షన్లో పక్క కుర్చీ ఆయన నాకే చెప్పాడు. నిమ్మరసం పోయి కొబ్బరినీళ్ళు వచ్చాయి. తలూపాను. మా ఆవిడ అటు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుంది.

గ్రూపులో నాకు మిగిలింది పెదనాన్న. ఎవడు ఏ కోత కోసినా కింద ఒకటే ప్రశ్న: "మద్రాసు పెదనాన్న చెప్పాడా?" నిన్న డాలస్‌వాడు, కొడుకింటి వెనక చెరువులో మొసలి కనిపించిందని రాశాడు. అందరికంటే ముందు మా పెదనాన్న కొడుకే అందుకున్నాడు: "నిజమేరా. మా నాన్న కూడా చూశాట్ట, వాహినీ స్టూడియోలో." నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. పెట్టక చస్తానా.