హోటల్ వైఫై, లినక్స్ ల్యాప్‌టాప్: రాత్రంతా పని తప్పించుకునే 8 చిట్కాలు

ఊరు దాటి హోటల్లో దిగినా ఆఫీసు పని వదలదు. కంగారుపడకండి. మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది కదా! కాస్త తెలివిగా వాడుకుంటే తెల్లారేదాకా ఒక్క మెయిల్ కూడా మీ జోలికి రాదు. వరస తప్పకుండా ఇలా చేయండి.

1. రిసెప్షన్‌లో ఏమీ అడక్కండి. గది నంబరు, ఇంటిపేరు కొట్టాలా, ఫోన్‌కి ఓటీపీ వస్తుందా, గదికి ఎన్ని పరికరాలు కలపొచ్చు అన్నీ అక్కడ అర నిమిషంలో చెప్పేస్తారు. అంత త్వరగా తేలిపోతే రాత్రికి సాకు మిగలదు.

2. లాగిన్ పేజీని రానివ్వకండి. వైఫైకి కలవగానే ఉబుంటు ఒక చిన్న పేజీని అడిగి చూస్తుంది. జవాబు తేడాగా వస్తే హోటల్ లాగిన్ పేజీ తెరుస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద కనెక్టివిటీ చెకింగ్ ఆపేయండి, పీడా పోతుంది. బ్రౌజర్‌లో జీమెయిల్, బ్యాంకు లాంటి హెచ్‌టీటీపీఎస్ సైట్లే కొట్టండి. వాటిని హోటల్ రౌటర్ సవ్యంగా దారి మళ్ళించలేదు. సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే ఫొటో తీసి దాచండి, సాక్ష్యానికి పనికొస్తుంది. నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ మాత్రం తెరవొద్దు. అది మామూలు హెచ్‌టీటీపీ పేజీ. కొట్టగానే లాగిన్ పేజీ వచ్చి కూర్చుంటుంది.

3. డీఎన్‌ఎస్ ముట్టుకోకండి. ఎప్పుడో చేత్తో పెట్టిన 8.8.8.8 అలాగే ఉండనివ్వండి. కొన్ని హోటళ్ళ లాగిన్ పేజీ చిరునామా వాళ్ళ సొంత డీఎన్‌ఎస్‌కే తెలుసు. పైగా లాగిన్ కాకముందే వీపీఎన్ వేసి, కిల్ స్విచ్ నొక్కండి. ఇక ఏ పేజీ రాదు.

4. మ్యాక్ అడ్రస్ ప్రతిసారీ మార్చండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో క్లోన్డ్ అడ్రస్ దగ్గర రాండమ్ ఎంచుకోండి. హోటల్ మీ ల్యాప్‌టాప్‌ని గుర్తుపట్టేది ఆ అడ్రస్‌తోనే. కలిసిన ప్రతిసారీ మీది కొత్త యంత్రమవుతుంది, గదికిచ్చిన కోటా గంటలో అయిపోతుంది. అప్పుడు కిందికి ఫోన్ చేసి మీ రౌటర్ పాడైందని గట్టిగా చెప్పండి.

5. డాకర్ నడుస్తూ ఉండనివ్వండి. అది మామూలుగా 172.17తో మొదలయ్యే అడ్రసులు తీసుకుంటుంది. హోటల్ కూడా అవే ఇస్తే మీ ప్యాకెట్లు ల్యాప్‌టాప్ గడప దాటవు. మీ అదృష్టం బాగుంటే ఈ ఒక్కటే చాలు.

6. తప్పంతా డ్రైవర్ మీద వేయండి. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తున్నా సరే. టెర్మినల్ తెరిచి 'సుడో యాప్ట్ పర్జ్ నెట్‌వర్క్-మేనేజర్' కొట్టండి, రీస్టార్ట్ చేయండి. వైఫై గుర్తే మాయం. మళ్ళీ ఎక్కించాలంటే ఇంటర్నెట్ కావాలి, అది లేదు. ఈ రాత్రికి ఎవరూ మిమ్మల్ని కదపలేరు.

7. ఫోన్ కేబుల్ ఇంట్లో వదిలేసి రండి. యూఎస్‌బీ టెథరింగ్‌ని లినక్స్ చాలాసార్లు ఏ డ్రైవరూ అడక్కుండా పట్టేస్తుంది. ఆ సంగతి టీమ్‌లో తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, మీ ఎత్తు పారదు. ఎవరైనా అడిగితే సిగ్నల్ లేదనండి.

8. టీమ్ లీడ్‌కి పదకొండు దాటాక మెసేజ్ పెట్టండి. "సార్, హోటల్ నెట్‌కి లినక్స్ పడట్లేదు. అన్నీ ట్రై చేశాను, పొద్దున చూస్తాను." సర్టిఫికెట్ హెచ్చరిక ఫొటో జతచేయండి. ఆ మెసేజ్ పంపింది ఏ నెట్‌తో అని అడిగేలోపు ఫోన్ ఆపేయండి. ఆడలేక మద్దెల ఓడన్నాడని అనుకుంటే అనుకోనివ్వండి, మద్దెల మాత్రం పక్కన పడేశారు కదా.

పొద్దునకల్లా మీ పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది. తిరిగి రాగానే ఆఫీసువాళ్ళు ల్యాప్‌టాప్ తీసుకుని విండోస్ వేసిస్తారు. ఇకపై టూర్లుండవు, పెద్ద ప్రాజెక్టులుండవు. అప్రైజల్ మీటింగ్ కూడా ఐదు నిమిషాల్లో ముగుస్తుంది.