అత్తకు మీసాలు మొలిచే సీజన్

మోటోజీపీ మోటార్‌సైకిల్ రేసుల్లో ఏటా ఇద్దరు ఛాంపియన్లు తయారవుతారు. ఒకడు కప్పు పట్టుకుని ఇంటికి పోయినవాడు. రెండోవాడు ‘అసలు’ ఛాంపియన్. మొదటివాడి సంగతి పాయింట్ల పట్టిక నవంబరులోగా తేల్చేస్తుంది. రెండోవాణ్ణి తేల్చే బాధ్యత అభిమానులు భుజాన వేసుకుంటారు. దానికి గడువంటూ ఉండదు. 2006 సీజన్ మీద వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి, తీర్పు రిజర్వులో ఉంది.

అత్తకు మీసాలుంటే మామ అయ్యేదని మన పెద్దలు ఎప్పుడో వెక్కిరించి వదిలేశారు. మోటోజీపీ అభిమాని ఆ మాటను వెక్కిరింతగా తీసుకోలేదు, సూత్రంగా తీసుకున్నాడు. మీసం ఏ మలుపు దగ్గర మొలవాలో, ఎంత పొడవుండాలో కూడా లెక్కగట్టి పెట్టుకున్నాడు.

2024 సంగతి చూడండి. ఆదివారం జరిగిన ఇరవై రేసుల్లో ఇటలీ రైడర్ ఫ్రాన్సెస్కో బన్యాయా 11 గెలిచాడు. స్పెయిన్ రైడర్ హోర్హే మార్టిన్ గెలిచినవి 3. టైటిల్ మాత్రం మార్టిన్‌ది, 508 పాయింట్లకు 498. పదకొండు గెలిచినవాడు పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంటే మూడు గెలిచినవాడు కప్పెత్తడమేమిటని బన్యాయా అభిమానికి కడుపు మండింది. మండటంలో తప్పేం లేదు. వెంటనే క్యాలిక్యులేటర్ తీశాడు. 2023 నుంచి శనివారాల్లో సగం దూరం స్ప్రింట్ రేసు పెడుతున్నారు, గెలిస్తే 12 పాయింట్లు. ఆ శనివారాలు ఎత్తేద్దామన్నాడు. ఎత్తేస్తే బన్యాయాకు 370, మార్టిన్‌కు 337. చూశారా అసలు ఛాంపియన్ ఎవరో!

కూడిక సరిగ్గానే ఉంది, నేనూ కూడి చూశాను. ఎటొచ్చీ ఆ శనివారాల్లో బన్యాయా ఇంట్లో పడుకోలేదు. మార్టిన్ ఎన్ని స్ప్రింట్లు గెలిచాడో తనూ అన్నే గెలిచాడు, చెరి ఏడు. గెలవని శనివారాల్లో ఏం చేశాడన్నదే అసలు కథ. హెరెత్‌లో పడ్డాడు. సిల్వర్‌స్టోన్‌లో పడ్డాడు. టైటిల్ పీకల మీదకొచ్చిన వేళ మలేషియాలోని సెపాంగ్‌లో పడ్డాడు. మే నెలలో బార్సిలోనాలో అయితే అందరికంటే ముందుండి, చివరి ల్యాప్‌లో ఐదో మలుపు దగ్గర జారిపోయాడు. అక్కడ చేజారినవి 12 పాయింట్లు. సీజన్ చివర తేడా పది.

ఈ అంకె కనపడగానే అభిమాని కళ్లు మెరుస్తాయి. ఆ మలుపులో గనక పడకపోయుంటే! సరే, లేపుదాం. కానీ బన్యాయాను లేపిన చేత్తోనే జర్మనీకి వెళ్లి మార్టిన్‌నూ లేపాలి కదా. జాక్సెన్‌రింగ్‌లో రేసు ముగియవస్తుండగా మొదటి స్థానంలోంచి పడ్డాడతను. వెనకే వస్తున్న బన్యాయా ఆ రేసు గెలిచాడు. ఆదివారం గెలిస్తే 25, రెండో స్థానానికి 20 కాబట్టి, మార్టిన్‌ను లేపి నిలబెడితే ఇటు 25 వస్తాయి, అటు నుంచి 5 పోతాయి. అభిమాని మాత్రం జర్మనీ దాకా రాడు. వీసా దొరకలేదంటాడు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మార్టిన్ ఆ ఏడాది ఆదివారాల్లో పదిసార్లు రెండో స్థానంలో వచ్చాడు. చేతకాక వచ్చినవి కొన్ని, లెక్క చూసుకుని వచ్చినవి కొన్ని. మలేషియాలో మొదటి ల్యాప్‌లలో ఇద్దరూ ఒకరినొకరు పదేపదే దాటుకున్నారు. చూసేవాళ్లకు ఊపిరాడలేదు. తర్వాత మార్టిన్ తగ్గాడు, 20 పాయింట్లు జేబులో వేసుకుని తోక పట్టుకుని వచ్చేశాడు. ముందురోజు స్ప్రింట్ గెలిచి 12 తెచ్చుకున్నాడు, బన్యాయా ఆరోజు సున్నా చుట్టాడు, ఇంక తెగించాల్సిన పనేముంది? శనివారాలు లెక్కలోకి రావని సీజన్ మొదట్లోనే చెప్పి ఉంటే అదే మనిషి అలాగే తగ్గేవాడని ఎవరు హామీ ఇస్తారు? పరీక్ష రాసేశాక మార్కుల పద్ధతి మార్చి, కొత్త ర్యాంకులు ప్రకటించే హెడ్మాస్టర్ని మనం భరిస్తామా? అభిమాని మాత్రం ఏటా డిసెంబరులో ఆ హెడ్మాస్టర్ కుర్చీలోనే కూర్చుంటాడు. విచిత్రమేమిటంటే బన్యాయా ఓటమి ఒప్పుకుని, గెలిచినవాణ్ణి అభినందించి, తన పని తను చూసుకున్నాడు.

గెలుపుల సంఖ్యే కొలమానమని అనుకుంటే, ఆ మాట మీద నిలబడితే బాగుండేది. నిలబడటమే అభిమానికి చేతకాని విద్య. బన్యాయా మాజీ రైడర్ వాలెంటినో రోసీ అకాడమీలో ఎదిగినవాడు. అందుకని రోసీ పాత భక్తుల్లో చాలామంది ఇప్పుడు బన్యాయా శిబిరంలో ఉన్నారు. మన ఊళ్లలోనూ ఉన్నారు. హైదరాబాద్ రోడ్ల మీద బైకు ట్యాంకుకు రోసీ నంబరు 46 పసుపు రంగులో అంటించుకుని తిరిగే కుర్రాళ్లను చూడొచ్చు. వీళ్ల సిద్ధాంత గ్రంథం తిరగేస్తే కళ్లు తిరుగుతాయి. 2006లో రోసీ ఐదు రేసులు గెలిచాడు, టైటిల్ రెండే గెలిచిన నికీ హేడెన్‌కు పోయింది. ఆ ఏడు సూత్రం: గెలుపులే గొప్ప. 2015లో హోర్హే లోరెంజో ఏడు గెలిచాడు, రోసీ నాలుగు. రోసీ పద్దెనిమిది రేసుల్లో పదిహేనుసార్లు పోడియం ఎక్కాడు. ఆ ఏడు సూత్రం: గెలుపులదేముంది, నిలకడ ముఖ్యం. 2024లో బన్యాయా 11, మార్టిన్ 3. నిలకడ ఎవడికి కావాలండీ, గెలుపులు లెక్కపెట్టండి!

మార్టిన్ శిబిరం ఏమీ తక్కువ తినలేదు. 2023లో వీళ్లది ఓడిన పక్షం. అప్పుడు శనివారాలు పరమ పవిత్రం. ఆదివారాలు నాలుగు, స్ప్రింట్లు తొమ్మిది కలిపితే మార్టిన్‌వి పదమూడు గెలుపులు. ఏడూ నాలుగూ కలిపినా బన్యాయాకు పదకొండే, కాబట్టి అసలు ఛాంపియన్ మావాడే అన్నారు. మరుసటి ఏడాది అదే కూడిక చేస్తే బన్యాయాకు పద్దెనిమిది, మార్టిన్‌కు పది వస్తాయి. ఆ కూడిక ఎవరికీ గుర్తు రాలేదు. ఇక 2023 ఖతార్ రేసులో మార్టిన్ పదో స్థానానికి జారిపోయినప్పుడు దోషం వెనక టైరు మీద పడింది. రైడర్ కూడా అదే అన్నాడు, అనే హక్కు అతనికుంది. కానీ మరునాటికి ఇంటింటా ఒక రబ్బరు శాస్త్రవేత్త పుట్టాడు. సొంత స్కూటరులో గాలి ఎంత ఉందో బంకు కుర్రాణ్ణి అడిగి తెలుసుకునేవాడు మిషెలిన్ కంపెనీకి టైరు చేయడం నేర్పాడు. ఆ తర్వాత వలెన్సియాలో మార్టిన్ స్వయంగా వెళ్లి మరో రైడర్ మార్క్ మార్కెజ్‌ను గుద్దుకుని పడ్డాడు. 39 పాయింట్ల తేడాతో టైటిల్ పోయింది. గుద్దుకోవడంలో టైరు పాత్ర మీద పరిశోధన ఇంకా పూర్తికాలేదు.

ఇవన్నీ చిల్లర కేసులు. ఈ కోర్టులో రాజద్రోహం స్థాయి కేసు ఒక్కటే, 2015.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రోసీ, లోరెంజో ఇద్దరూ యమహా జట్టు. మూడు రేసులు మిగిలి ఉండగా రోసీ 18 పాయింట్ల ముందున్నాడు. ఆస్ట్రేలియాలో ఫిలిప్ ఐలాండ్ రేసు అయ్యాక, మలేషియాలో విలేకరుల ముందు కూర్చుని రోసీ ఒక బాంబు వేశాడు: మార్కెజ్ తనను కావాలని అడ్డుకుంటూ లోరెంజోకు సాయం చేస్తున్నాడని. ఆ ఆదివారమే సెపాంగ్‌లో ఇద్దరూ రాసుకున్నారు, మార్కెజ్ పడిపోయాడు. రోసీకి శిక్షగా మూడు పెనాల్టీ పాయింట్లు పడ్డాయి. దాంతో వలెన్సియాలో ఆఖరి రేసు అందరికంటే వెనక నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. వెనక నుంచి నాలుగో స్థానానికి వచ్చాడు, అది మామూలు విషయం కాదు. లోరెంజో గెలిచాడు, మార్కెజ్ రెండు, పెద్రోసా మూడు. టైటిల్ 330కి 325తో లోరెంజోకు దక్కింది.

ఇక అభియోగ పత్రం చూద్దాం. సాయం చేశాడన్న ఫిలిప్ ఐలాండ్‌లో గెలిచిందెవరు? మార్కెజే. ఎవర్ని దాటి గెలిచాడు? చివరి ల్యాప్‌లో లోరెంజోను దాటి. అంటే స్నేహితుడి కోసం కుట్ర పన్ని, ఆ స్నేహితుడి నోటి దగ్గర నుంచి ఐదు పాయింట్లు లాక్కున్నాడన్నమాట. ఇలాంటి స్నేహితుడు పగవాడికి కూడా వద్దు. అభిమానికి దీనికీ జవాబుంది: అనుమానం రాకుండా అలా చేశాడు! సాక్ష్యం ఉంటే కుట్ర రుజువైనట్టు. సాక్ష్యం లేకపోతే కుట్ర లోతు రుజువైనట్టు.

రెండో ఆరోపణ వలెన్సియా. రేసంతా లోరెంజో వెనకే తిరిగి మార్కెజ్ ఒక్కసారి కూడా దాటలేదు, దాటి ఉంటే టైటిల్ రోసీదే అని. పదేళ్లుగా ఈ మాట వింటున్నాను, చెప్పేవాళ్లు ఎవరూ కాగితం మీద పెట్టినట్టు లేదు. పెడదాం. మార్కెజ్ దాటాడు. లోరెంజోకు 25 బదులు 20 వచ్చాయి. మొత్తం 325. రోసీకి 325. సమం! సమమైతే గెలుపులు చూస్తారు. వలెన్సియా పోయినా లోరెంజోవి ఆరు, రోసీవి నాలుగు. ఛాంపియన్ లోరెంజో. పదేళ్ల కన్నీళ్లు, బూతులు, మార్కెజ్ బండి కనిపిస్తే చాలు ఇటలీ స్టాండ్లలో వేసిన ఈలలు, అన్నీ చివరికి మళ్లీ లోరెంజోకే కప్పు తెచ్చిపెట్టాయి. రోసీకి టైటిల్ కావాలంటే మార్కెజ్ ఒక్కడు దాటితే చాలదు, పెద్రోసా కూడా దాటాలి. కుట్రలో పెద్రోసానూ చేర్చాలి మరి. చేర్చేవాళ్లూ ఉన్నారు.

మలేషియాలో ఆ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నాకు నా అభిప్రాయం ఉంది: మార్కెజ్ కావాలనే చిరాకు పెట్టాడు, రోసీ కావాలనే పక్కకు నెట్టాడు. ఇద్దరూ చిన్నపిల్లలు కారు. కానీ ఆ వీడియోను స్లో మోషన్‌లో చూసి రోసీ మోకాలు ఎన్ని డిగ్రీలు కదిలిందో కొలిచేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

అన్నట్టు ఆ 2006. ఎస్టోరిల్‌లో టోనీ ఎలియాస్ అనే రైడర్ రోసీని 0.002 సెకన్ల తేడాతో ఓడించాడు. కన్ను ఆర్పేందుకు పట్టే సమయంలో అదొక ముక్క కూడా కాదు. రోసీ ఆ రేసు గెలిచి ఉంటే ఐదు పాయింట్లు ఎక్కువ వచ్చేవి. సీజన్ చివర హేడెన్‌కు 252, రోసీకి 247. ఐదు కలిపితే సమం, గెలుపులు ఎక్కువ కాబట్టి టైటిల్ రోసీది. ఇది మాత్రం నిజంగా ముద్దొచ్చే లెక్క, కాదనను. అయితే అదే రేసులో హేడెన్‌ను అతని సొంత జట్టువాడు పెద్రోసా గుద్ది పడగొట్టాడు. హెల్మెట్లో హేడెన్ ఏడుపు టీవీలో చూసినవాళ్లు ఉన్నారు. ఎలియాస్‌ను వెనక్కి లాగే అభిమాని పెద్రోసాను పక్కకు లాగడు. మీసాలు ఒక్క అత్తకే మొలవాలి.

గెలుపుల సంఖ్యే దేవుడన్నవాళ్ల కోసం ఇంకొక పేరుంది. 1999లో 125 సీసీ ఛాంపియన్ ఎమిలియో అల్జమోరా. ఆ ఏడాది ఒక్క రేసూ గెలవలేదు. ఒక్కటి కూడా. 227 పాయింట్లు. ఐదు రేసులు గెలిచిన మార్కో మెలాండ్రికి 226. ఇప్పటిదాకా ఎవరూ ఆ కప్పు వెనక్కి తీసుకురాలేదు. మెలాండ్రి మరి కొన్నేళ్లకు 250 సీసీ టైటిల్ గెలుచుకుని ఆ లెక్క సరిచేసుకున్నాడు, అభిమానులను అడక్కుండానే.

మార్కెజ్ శిబిరాన్ని వదిలేస్తే పక్షపాతం అంటారు. 2020లో హెరెత్‌లో చేయి విరిగి మార్కెజ్ ఏడాదంతా పోగొట్టుకున్నాడు. సుజుకీ రైడర్ జోన్ మిర్ ఒక్క రేసు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. ఆ టైటిల్ పక్కన చుక్క గుర్తు పెట్టాలన్నారు వీళ్లు, మావాడు లేనప్పుడు గెలిచింది గెలుపే కాదన్నారు. 2025లో మార్టిన్ ఒకటో నంబరు వేసుకుని ఏప్రిలియా జట్టులోకి వెళ్లాడు, గాయం మీద గాయంతో సీజన్‌లో చాలా భాగం పోగొట్టుకున్నాడు. మార్కెజ్ ఛాంపియన్. చుక్క గుర్తు ఎక్కడైనా కనిపించిందా? పెన్నులో సిరా అయిపోయిందట.

ఆ 2025 అయితే అభిమాన గణితానికి కరువు సంవత్సరం. ఐదు రౌండ్లు మిగిలి ఉండగానే సెప్టెంబరు 28న జపాన్‌లో మోతెగీ దగ్గర మార్కెజ్ టైటిల్ ముగించేశాడు. సీజన్ చివర రెండో స్థానం సొంత తమ్ముడు అలెక్స్‌ది, అది కూడా 78 పాయింట్ల దూరంలో. ఇన్ని పాయింట్లు నింపాలంటే ఎన్ని మీసాలు కావాలి! పోటీ లేదు, చప్పగా ఉంది, మోటోజీపీ చచ్చిపోయిందన్నారు. సరిగ్గా వారానికి ఇండోనేషియాలో మొదటి ల్యాప్‌లోనే వెనక నుంచి వచ్చి మార్కెజ్‌ను గుద్ది, భుజం విరగ్గొట్టినవాడు మార్కో బెజెక్కి. రోసీ అకాడమీ కుర్రాడు. టైటిల్ అప్పటికే ఖాయం, ఒక్క పాయింటు అటూ ఇటూ అయ్యేది కాదు. అయినా 2015 ఫైలు దుమ్ము దులిపి రెండు పక్షాలూ ఆ సాయంత్రమే మళ్లీ విచారణ మొదలుపెట్టాయి.