చేరిన నాటి చింత

దుబాయి చేరిన నాడే అచ్చటి పార్కునకు పోవలయునా, మఱునాటి వఱకు ఆగవలయునా అను ప్రశ్న యొకటి కొన్నాళ్ళుగా నన్ను కంచమునొద్ద కుదురుగా కూర్చుండనీయక, ప్రక్కమీద పరుండనీయక, ఉదయమున కువైటులోని ఫహాహీల్ రహదారిపై కార్ల బారులో చిక్కి యున్నప్పుడు సైతము విడువక వేధించుచున్నది. బిడ్డలు గలవారికి ఈ ప్రశ్నలోని గాంభీర్యము చెప్పకయే తెలియును. లేనివారికి చెప్పినను తెలియదు. కనుక ఉభయులకును వివరింపను.

మాది నలుగురి సంసారము, పక్షములు రెండు. ఆఱేండ్ల మా పెద్దవాడు ‘దిగిన వెంటనే’ అను పక్షమునకు నాయకుడు, కార్యకర్త, ఊరేగింపు కూడ వాడే. స్నానము, భోజనము, నిద్ర, ఆ పిమ్మట లోకమేమైనను కానిమ్ము అనునది మా ఆవిడ పక్షము. మూడేండ్ల మా పిల్ల ఏ పక్షమునను చేరదు గాని, అదను చూచి ఏ పక్షమునైనను నేలబడి ఏడ్చి కూల్చగల తటస్థురాలు. నేను వ్యయము భరించువాడను గనుక నా అభిప్రాయమును ఎవరును అడిగి యుండలేదు.

మా ఆవిడ కంప్యూటరులో ఎక్సెల్ పట్టిక యొకటి తయారుచేసినది. శుక్రవారపు గడిలో లెగోలాండు, శనివారపు గడిలో ఉదయము వాటర్ పార్కు, రాత్రికి తిరుగు విమానము, ఇవి శిలాక్షరములు. చేరు నాడైన గురువారపు గడి యొక్కటే రాత్రికొక రంగు మార్చుచున్నది. మొన్న పసుపు, నిన్న ఆకుపచ్చ. అది ఎఱ్ఱబడిన నాడు నేను ఆ ఛాయలకు పోను.

అసలీ చిక్కంతయు కువైటునకు సొంత వినోదనగరము లేకపోవుటచే వచ్చినది. ఒకప్పుడు లేకపోలేదు. 1984లో దోహాలో, అనగా ఖతర్ వారి దోహా కాదు, మన రాజధానికి పడమటనున్న మన దోహాలో, ‘ఎంటర్‌టైన్‌మెంట్ సిటీ’ వెలసినది. అరబ్బు ప్రపంచము, అంతర్జాతీయ ప్రపంచము, భావి ప్రపంచము అని అందులో త్రిలోకములు ఉండెడివి. అట్టి త్రిలోకములను 2016లో పునర్నిర్మాణము కొఱకని మూసిరి. ఆ సంవత్సరపు అక్టోబరులోనే దుబాయిలో రెండేండ్లు మొదలు పండ్రెండేండ్ల వఱకు గల బిడ్డలకని లెగోలాండును తెఱచిరి. ఒకటి మూయుటయు మఱియొకటి తెఱచుటయు ఒకే ఏట జరుగుట యాదృచ్ఛికమే కావచ్చును, నా జేబునకు మాత్రము యాదృచ్ఛికముగా తోచదు. దోహా పార్కే యుండిన, శుక్రవారము సాయంకాలము కారెక్కి, మావాడు ‘ఇంకా ఎంత దూరం’ అని విసిగించుచుండగనే చేరియుందుము. ‘చేరిన నాడు’ అని వేఱుగా ఒక నాడే ఉండెడిది కాదు. 2022 డిసెంబరులో మన షాబ్‌లో వెలసిన శీతకాలపు వినోదవనమును మా పిల్లలు ఇదివఱకే ఆపోశనము పట్టిరి. ఎండకాలమున పోవుదమా అన్నచో, 2016 జూలై 21న మన మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన గడ్డ యిది. దుబాయి ఎండ దీనికి చెల్లెలే గాని చల్లనిది కాదు. కావున ఫిబ్రవరి 25 జాతీయదినము, 26 విమోచనదినము, ఆ వెనుక శుక్ర శనివారములు, ఈ నాలుగే మాకు దిక్కు. ఈ నాలుగును దేశమందలి వారందఱికిని దిక్కే గనుక 25వ తేది టిక్కెట్టు ధర వినగనే మా ఆవిడయు నేనును ఒక్క కంఠమున 26 అంటిమి. మా దాంపత్యములో అట్టి ఏకాభిప్రాయము అరుదు.

26 గురువారము. చౌకగా దొరకినది ఆఱు గంటల విమానము. అనగా మూడింటికే ఇల్లు కదలవలెను. ఎగిరిన రెండు గంటల లోపుననే దుబాయిలో దిగుదుము గాని, అచ్చటి గడియారము మన గడియారమునకు ఒక గంట ముందు నడచును గనుక ఒక గంట ఆకాశముననే హరించిపోవును. దిగి, వరుసలో నిలిచి, పెట్టెలు ఏఱుకొని, నగరమును దాటి జబల్ అలీ చివర నున్న హోటలు చేరునప్పటికి పదునొకండు. గది ఇచ్చునది మధ్యాహ్నము మూడింటికి. ఆ నడుమనున్న నాలుగు గంటలే నా శత్రువులు. పెట్టెలను హోటలువారు దాచిపెట్టుదురు. నిద్రవచ్చుచున్న పిల్లను దాచిపెట్టరు.

ముందుగా గది ఈయగలరా అని వ్రాసితిని. ‘లభ్యతను బట్టి’ అని ప్రత్యుత్తరము వచ్చినది. లభ్యత యన నేమో, ఎవరికి లభ్యమో, ఎప్పుడు తెలియునో అని మరల వ్రాసితిని. ‘చేరిన నాడు తెలియును’ అనిరి. హాస్యమున కనుట కాదు. రెండు రాత్రుల కిరాయి ముక్కుపిండి పుచ్చుకొని, మొదటినాడు మూడింటికి తలుపు తెఱచి, మూడవనాడు పండ్రెండింటికి పెట్టెలు బయట పెట్టించెడి ఈ ధర్మములో రెండు దినములనగా నలువది యెనిమిది గంటలు కావు, నలువదియైదే. ఆకాశమున పోయిన గంటతో కలిపి నాలుగు గంటలు నాకు ఎవరో బాకీ పడియున్నారు. ఎవరని అడిగిన ఒకరు మఱియొకరిని చూపుదురు.

ఇట్టి సంకటమున ఊరికి ఫోను చేయరాదు. చేసినది మా ఆవిడ.

“ఏ వారం బయలుదేరతాండారు?” అని రాజంపేటనుండి మా అమ్మ.

“గురువారం, అత్తా.”

“దుబాయి ఏ దిక్కు?”

నాటినుండి మా యింట పార్కు మాట వెనుకబడి దిక్కుల మాట మొదలైనది. దుబాయికి పలుమాఱు పోయివచ్చిన వారిని మా భవనములో ఇంటింట అడిగితిని. అది ఎంత దూరమో చెప్పిరి, ఎంత ఖర్చో చెప్పిరి, ఎచ్చట బిరియాని బాగుండునో అడుగకయే చెప్పిరి. ఏ దిక్కో చెప్పినవాడు లేడు. వారశూల తెలుగువారికి తెలియనిది కాదు: సోమ శనివారములు తూర్పు, మంగళ బుధవారములు ఉత్తరము, గురువారము దక్షిణము, శుక్ర ఆదివారములు పడమర పయనము పనికిరాదు. మంగఫ్‌లోని మా బాల్కనీలో నిలిచి, ఎదుట సముద్రమున్నది గనుక తూర్పు ఇదియని నిశ్చయించుకొని, చేతి ఫోనులోని దిక్సూచిని మూడు త్రిప్పులు త్రిప్పి, దుబాయి ఆగ్నేయమనియు, అందులోను దక్షిణమునకన్న తూర్పునకే మొగ్గినదనియు తేల్చి, విజయగర్వముతో అమ్మకు చెప్పితిని.

“అయితే సగం దక్షిణమే గదా? శూల సగం గుచ్చుకున్యా గుచ్చుకున్యట్టే గదా నాయనా?”

ఈ వాదమునకు తర్కశాస్త్రమున సమాధానము లేదు. కాని విమానశాస్త్రమున కలదు. ఇచ్చట వీచు గాలి ప్రాయికముగా వాయవ్యపు గాలి. దానినే షమాల్ అందురు. విమానము గాలికి ఎదురుగా లేవవలెను గనుక మన విమానాశ్రయమునుండి తఱచుగా వాయవ్యముగనే ఎగిరి, పైకి పోయిన పిదప గాని తన దారికి మళ్ళదు. గురువారము వాయవ్యమునకు దోషము లేదు. “నేల విడిచేది వాయవ్యంగానేనమ్మా, గాలిలో పోయినాకనే మళ్ళేది” అంటిని. అమ్మ కొంతసేపు ఆలోచించి, “మళ్ళేటప్పుడు రాహుకాలం లేకుండా చూడమను” అన్నది. ఎవరితో చెప్పుమన్నదో తెలియదు. పైలటునకు కబురుపెట్టు ఉపాయము నాకు లేదు.

రాహుకాలము వచ్చినది గనుక దానిని తేల్చక విడువరాదు. గురువారము రాహుకాలము ఒకటిన్నర మొదలు మూడు వఱకు. ఎవరి గడియారమున? రాజంపేటలో ఒకటిన్నర అగునప్పటికి దుబాయిలో పండ్రెండు, కువైటులో పదునొకండు. బయలుదేరునది ఒక గడియారము క్రింద, దిగునది మఱియొక గడియారము క్రింద, ముహూర్తము చూచునది ఇంకొక గడియారము క్రింద అయినప్పుడు రాహువు ఎవరి కాలము ననుసరించును? మా అమ్మ సంకోచింపలేదు. ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే, కనుక దుబాయిలో అడుగుపెట్టిన పిమ్మట దుబాయి ఒకటిన్నరయే ఒకటిన్నర. అంతలో ఆమెకు ఒక సంగతి తట్టినది.

“గది ఎన్ని గంటలకు ఇస్తారంటివి?”

“మూడింటికి.”

“చూడు! వాళ్ళు గూడా పంచాంగం చూసే పెట్టినారు.”

ఆనాటినుండి ఆ హోటలువారిపై మా అమ్మకు కుదిరిన గౌరవమును ఎవరును కదలింపలేరు. రాహుకాలము పోవువఱకు అతిథిని గడప దాటనీయని ఆ ధర్మబుద్ధిని ఆమె వీధివీధిన కొనియాడుచున్నదట. ముందుగా గది యిమ్మని నేను వ్రాసిన లేఖల ప్రసక్తి ఆమెవద్ద ఎత్తలేదు.

సగము గుచ్చుకొన్న శూలకు మాత్రము ప్రాయశ్చిత్తము కావలెనట. అది ప్రస్థానము: మంచి ఘడియలో ప్రయాణపు మూట ఒకటి పొరుగింట పెట్టినచో ప్రయాణము ఆ క్షణముననే ఆరంభమైనట్లు, పిదప మనమెప్పుడు కదలినను శూల అంటదు. బుధవారము ఉదయము పెట్టుమని ఆజ్ఞ. మా ఎదురింటి వాటాలోనివారు గోదావరి జిల్లావారు. ఆయన రిఫైనరీలో షిఫ్టు ఉద్యోగి, మర్యాదకు పెట్టినది పేరు.

“పెట్టె పెట్టుకోవడానికేముందండీ! కాకపోతే ఆ రాత్రి నాది నైట్ డ్యూటీ అండీ. మా ఆవిడా పిల్లలూ ఊళ్ళో ఉన్నారు. తాళం మీ దగ్గరే ఉంచేసుకోండి.”

తాళము మా యొద్దనే ఉండునని విన్న అమ్మ అంగీకరింపలేదు. తాళము ఎవరిచేత నుండునో ఇల్లు వారిది. మన యింట మన మూట పెట్టుకొనుట ప్రస్థానము కానేరదు. తాళము ఆయన వెంట పోయినచో తెల్లవాఱుజామున మూట రాదు. మూట మా చేతికందినచో ప్రస్థానము రాదు. ఈ మీమాంస ఒక వారము సాగి, తుదకు మూటలో తువ్వాలు, పసుపు, కుంకుమ మాత్రము కట్టి, దానిని తిరిగి తెచ్చుకొను ప్రయత్నమే చేయరాదని తీర్మానమైనది. మూట ప్రయాణము ఆరంభించును. పూర్తిచేయుట మా వంతు. ఇక బయలుదేరునప్పుడు పిల్లలకు పెరుగన్నము పెట్టవలెనట. రాత్రి మూడింటికి, నిద్రలేచీ లేవని మూడేండ్ల పిల్లకు, పెరుగన్నము. విమానాశ్రయమునకు పోవు కారు నాది, కడుగవలసినవాడను నేనే.

ఇంతయు చెప్పి నవ్వుకొనుచుండగా ఒక రాత్రి అకస్మాత్తుగా నవ్వు ఆగినది. మా నాయన ఖాదిం వీసాపై, అనగా ఇంటి పనివారి వీసాపై, డ్రైవరుగా ఈ దేశమునకు వచ్చినవాడు. ఆ వీసాపై ఆలుబిడ్డలను తెచ్చుకొనుటకు ఆనాడు వీలులేదు, నేటికిని లేదు. తక్కినవారికి సైతము 2024లో కుటుంబ వీసాలు మరల ఇచ్చునప్పుడు నెలకు 800 దీనార్ల జీతము ఉండవలెనని నియమము పెట్టిరి. మా యింట ‘చేరిన నాడు’ అనగా ఆయన ఊరు చేరిన నాడు. బొంబాయిలో విమానము దిగి, మద్రాసు రైలెక్కి, రాజంపేట స్టేషనులో త్రాళ్ళు బిగించిన అట్టపెట్టెతో దిగెడివాడు. ఇల్లు చేరి, రెండు ముద్దలు తిని, నిద్రపోయెడివాడు. “సద్దు చేయొద్దు, నాయన అలసిపోయినాడు” అనెడిది అమ్మ. పెట్టెలో నీడో పాలపొడి డబ్బాలు, దుప్పటి, అన్నిటికి అడుగున నాకొక బొమ్మకారు ఉండునని నాకు తెలియును. త్రాటి ముడిని గోటితో గీరుచు, ఆ గురక ఎప్పుడాగునా అని పెట్టె ప్రక్కన కూర్చుండెడివాడను. ఆయన లేచునప్పటికి నేను నిద్రపోయి యుండెడివాడను. వ్రేళ్ళపై లెక్కింపదగిన సెలవులో మా ఇద్దఱికిని ఒకనాడు అట్లు పోయెడిది. మా అమ్మ దిక్కులను గడియలను చూచుట ఆ రాకపోకలనుండియే అలవాటు చేసికొన్నది. శుక్రవారము కువైటు నగరపు మాలియాలో గుంపులు గుంపులుగా నిలిచి ఫోనులలో బిడ్డల ముఖములు చూచుకొను మావూరివారు నేటికిని చాలమంది కలరు. వారికి పట్టికలు లేవు గాని, చేరిన నాడు ఏమి చేయవలెనో వారును ఆలోచించుచునే యుందురు.

మఱునాడు నేను మా ఆవిడతో గురువారము నిద్ర వద్దంటిని. ఆమె నన్ను ఎగాదిగ చూచి, పక్షము మార్చుటకు కారణమడిగినది. చెప్పలేదు. మావాడు మాత్రము, నా మద్దతు తనకు అక్కఱలేనంత పకడ్బందీగా ఒక సవరణను అప్పటికే సిద్ధము చేసికొని యున్నాడు.

“నాన్నా, నువ్వూ చెల్లీ నిద్రపోండి. నేనూ అమ్మా పోతాం.”

“గది ఉండదు గదరా.”

“కిందనే సోఫాలు ఉంటాయి. ఫోటోలో చూసినా.”

సవరణ నెగ్గినది. పిల్ల నా ఒడిలో నిద్రించును. నేను హోటలు లాబీలో సోఫాపై నిటారుగా కూర్చుండి నిద్రింతును. రాహుకాలము గది బయటనే గడచును గనుక రాజంపేటనుండియు సమ్మతి లభించినది. గురువారపు గడి ఆకుపచ్చనై నిలిచినది. రెండు దినములకు కలిపి కొన్న తగ్గింపు టిక్కెట్టులో నా మొదటి దినపు సొమ్మును తిరిగి ఈయగలరా అని వ్రాసితిని. అట్టి అవకాశము లేదట. ఈ సారి ‘లభ్యతను బట్టి’ అని కూడ అనలేదు.