మూడు మిల్లీమీటర్ల మర్యాద

నల్లగొండ అచ్చుపనికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ఇక్కడి నుంచి ‘నీలగిరి’ పత్రికను వెలువరించిన నాడు సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చుకోవలసి వచ్చేది గాని, పేర్చిన అక్షరాలు రాత్రికి రాత్రి వేరే అక్షరాలైపోయే ప్రమాదం లేదు. నేటి డీటీపీ సెంటర్లలో ఆ సౌకర్యం ఏర్పడింది. అక్కడ వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ పద్ధతికి చెందినవి కావు గనుక, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పెండ్లి పత్రిక తెరిస్తే ‘చి.ల.సౌ.’ కాస్తా అర్థంలేని గుర్తుల గుంపై ప్రత్యక్షమవుతుంది. అందుకే ప్రెస్సుకు పంపేముందు అక్షరాలన్నింటినీ ‘కర్వ్స్’ చేస్తారు, అంటే అక్షరాన్ని గీసిన బొమ్మగా మార్చివేస్తారు. బొమ్మలో అక్షరదోషం దిద్దడం కుదరదు. పెద్దబావ పేరు ‘ఆహ్వానించువారు’ వరుసలో లేదన్న సంగతి సరిగ్గా ఈ ఘట్టంలోనే బయటపడడం నల్లగొండ, పాలమూరు జిల్లాల ఆనవాయితీ. కర్వ్స్ చేయని ప్రతిని విడిగా దాచిన ఆపరేటరే ఆనాడు రెండు కుటుంబాలను కలిపి ఉంచగలడు.

కత్తిరించే యంత్రపు బ్లేడు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతుంది కాబట్టి, కార్డు అంచు దాటి 3 మిల్లీమీటర్ల మేర రంగును పొడిగిస్తారు. దీనినే బ్లీడ్ అంటారు. పేర్లను, దేవుళ్ళను మాత్రం అంచుకు దూరంగా లోపలే ఉంచాలి. పాలమూరువారి కురుమూర్తిస్వామి ఓర్చుకోవచ్చునేమో గాని, యాదగిరిగుట్ట నరసింహస్వామి కిరీటం తెగితే సమాధానం చెప్పుకోవడం కష్టం.

ఫోన్ తెర వెలుగుతో రంగు చూపుతుంది. ప్రెస్సు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో సరిపెట్టుకుంటుంది. ఈ మార్పిడిలో మెరిసే పార్టీ కండువా రంగు కాస్త వెలవెలబోవడం భౌతిక ధర్మమే అయినా, కార్యకర్తకు అది ఎదుటి పార్టీ కుట్రగానే తోస్తుంది.

ఫ్లెక్సీ సంగతి వేరు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు సుమారు 1600 పిక్సెళ్ళకు, అంటే చుక్కలకు, కుంచించుకుపోతుంది. అంగుళానికి 300 చుక్కలు కోరే ఆఫ్‌సెట్ అచ్చులో అది అయిదంగుళాల పైచిలుకుకే చాలుతుంది. దానినే పదడుగులకు సాగదీస్తే అంగుళానికి పదమూడు చుక్కలే మిగిలి, నాయకుడి మీసం మెట్లు మెట్లుగా దిగుతుంది. ‘డాక్యుమెంట్’గా పంపమని ఆపరేటర్ మొత్తుకున్నా, శుభాకాంక్షల తొందరలో వినేదెవరు? రోడ్డవతలి నుంచి చూసేవారికి ఆ మెట్లు అంతగా కనబడవన్నది నిజమే గాని, ఫ్లెక్సీలో ఫొటో ఉన్న మనిషి రోడ్డవతల నిలబడడు. దాని కిందికే వచ్చి సెల్ఫీ దిగుతాడు, వచ్చే పండుగ ఫ్లెక్సీకి ఆ సెల్ఫీనే వాట్సాప్‌లో పంపుతాడు.