హైడ్రోజన్‌కి ఆ సీటు ఎవరిచ్చారు?

మావాడి పదో తరగతి పుణ్యమా అని హాల్లో ఆవర్తన పట్టిక వేలాడుతోంది. అన్నం తింటున్నా ఎదురుగా అదే, టీవీ చూస్తున్నా పక్కన అదే. చూసినప్పుడల్లా హైడ్రోజన్ మీద నాకు ఒళ్లు మండుతోంది.

ఎడమవైపు మొదటి నిలువు వరసంతా లోహాలది. సోడియం, పొటాషియం లాంటివి చాకుతో కోస్తే తెగేంత మెత్తన, నీళ్లు తగిలితే భగ్గుమనేంత కోపం. వాటన్నిటి నెత్తిన ఈ వాయువేంటి? బయటి కక్ష్యలో ఒకే ఎలక్ట్రాన్ ఉందిట, కాబట్టి ఆ ఇంటి మనిషేనట. మరి ఇంకొక్క ఎలక్ట్రాన్ చేరితే కక్ష్య నిండుతుందిగా, క్లోరిన్ వాళ్ల వరసలో ఎందుకు కూర్చోకూడదు? కొన్ని పట్టికల్లో అక్కడా కూర్చోబెట్టారు. కొన్నిట్లో రెండు చోట్లా పెట్టారు. హైదరాబాదులో ఒక ఓటు, సొంతూళ్లో ఒక ఓటు! ఇంకొందరు విసిగిపోయి, ఎవరికీ చెందకుండా పైన విడిగా వేలాడదీశారు.

పోనీ ఎలక్ట్రాన్ల లెక్కే ధర్మమనుకుందామా అంటే, హీలియం ఉందిగా. దానికి కాల్షియం లాగే బయట రెండు. అయినా గుణం చూసి కుడి చివర జడవాయువుల్లోకి పంపారు. ఒకరికి లెక్క, ఒకరికి గుణమా అని మావాణ్ణి నిలదీశాను.

"అది సిలబస్‌లో లేదు నాన్నా."

ఈ తిరకాసు 1869 నాటిదే. మెండలీవ్ అప్పటికి తెలిసిన 63 మూలకాలను పరమాణు భారం ప్రకారం పేర్చాడు. అయొడిన్ కంటే టెల్లూరియం బరువెక్కువ. అయినా గుణాలు చూసి టెల్లూరియాన్నే ముందు పెట్టి, తప్పు తూచినవాళ్లదే అన్నాడు. ఆయన ఖాళీగా వదిలిన ఓ గడిలోకి 1875లో గాలియం వచ్చింది. కనిపెట్టినాయన సాంద్రత 4.7 అన్నాడు. ఆ లోహాన్ని కంటితోనైనా చూడని మెండలీవ్, మళ్లీ కొలవమన్నాడు. కొలిస్తే 5.9! ఇలాంటి మనిషితో వాదనేం పెట్టుకుంటాం?

టెల్లూరియం దగ్గర మాత్రం తూకం సరిగ్గానే ఉంది. చూడాల్సింది బరువు కాదు. 1913లో మోస్లీ అనే పాతికేళ్ల కుర్రాడు ఎక్స్ కిరణాలతో కొలిచి, వరసను తేల్చేది కేంద్రకంలోని ఆవేశమని చూపించాడు. ఆ లెక్కన టెల్లూరియం 52, అయొడిన్ 53. 43, 61, 75 ఇంకా దొరకాలని కూడా చెప్పాడు. ఆపైన యుద్ధానికి తనంతట తానే వెళ్లి, 1915 ఆగస్టులో గలిపొలిలో తూటా తగిలి పోయాడు. 27 ఏళ్లు. ఆ మూడు గళ్లలో ఒక్కటి నిండటమైనా చూడలేదు.

101వ మూలకానికి మెండలీవ్ పేరు పెట్టారు, న్యాయమే. మోస్లీ పేరున 118లో ఒక్కటీ లేదు. స్వీడన్‌లో ఇట్టర్‌బీ అనే పల్లె పేరున మాత్రం నాలుగున్నాయి.