రేపు జూతము

కంప్యూటరు తనంతట తానే అప్‌డేటు చేసికొనుటకు అనుజ్ఞ యొసగవలయునా, యొసగరాదా యను ధర్మసందేహము బందరు మొదలు నాగాయలంక దాక ప్రతి కచేరీలోను, ప్రతి కొట్టులోను నిత్యము తలయెత్తుచున్నను, మనవారు దానికి కనుగొన్న సమాధాన మొక్కటే: తెరమీద అడిగినప్పుడెల్ల 'తర్వాత' అని నొక్కుట. వచ్చినవానిని వచ్చినట్లే 'రేపు రండి' యని పంపి పంపి చేయి తిరిగిన గుమాస్తా, యంత్రమే దరఖాస్తుదారై యెదుట నిలిచినంతమాత్రమున పక్షపాతము చూపుట న్యాయము గాదు గదా!

దివిసీమవారికి కట్ట సంగతి యొకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19నాటి ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చుకొనిపోయిన నేల యది. కరకట్టలో ఎలుకబొక్క కనబడినచో వరదకు మున్నే పూడ్పవలెనని అచ్చట పసులకాపరియు నెరుగును. అట్టి సీమలోనే, నాలో బొక్క యున్నది, పూడ్చుకొందును, సెలవిండు అని కంప్యూటరు ప్రాధేయపడగా, పనివేళ అడ్డురావలదని కసరికొట్టు పెద్దమనుష్యులు గలరు.

2017 మార్చి 14న మైక్రోసాఫ్టువారు విండోసులోని యొక లోపమునకు దిద్దుబాటు విడుదల చేసిరి. లోకము దానిని 'తర్వాత' చూతమని పెట్టెలో నుంచెను. మే 12న వాన్నాక్రై యను దొంగ సరిగా ఆ రంధ్రముననే దూరి, సుమారు 150 దేశములలో ఫైళ్ళకు తాళములు బిగించి, తాళపుచెవికి 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపమున కోరెను. ఆంగ్లదేశపు ఆసుపత్రులలో శస్త్రచికిత్సలు వాయిదాపడెను. మన రాష్ట్రమున చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలతో పాటు మన కృష్ణా జిల్లాలోను పోలీసు కంప్యూటర్లు దాని వాతబడినవని నాటి పత్రికలు వ్రాసినవి. దొంగలను పట్టువారి యింటనే దొంగ పడుట యట్లుండ, బెదిరింపు లేఖను 28 భాషలలో సిద్ధపరచుకొనిన ఆ ఘనుడు తెలుగును మాత్రము విస్మరించెను. మూడు దినములు దాటిన పైకము రెట్టింపు, ఏడు దాటిన ఫైళ్ళకు నీళ్ళొదలుకొనుడని గడువు పెట్టినవానికి 'రేపు రండి' యను మన రాజభాష యెట్లు పట్టుబడును?

అటులని వచ్చిన ప్రతిదానికి తలుపు తెరచి నిద్రింపుడని చెప్పుటకు నోరాడదు. 2024 జూలై 19న, భద్రత కొరకే జనులు కొని పెట్టుకొనిన క్రౌడ్‌స్ట్రయిక్ సాఫ్ట్‌వేరు, ఎవరిని నడుగకయే దింపిన యొక తప్పు ఫైలు, 78 నిమిషములలో వెనుకకు తీసికొనబడినను, అప్పటికే 85 లక్షల విండోసు యంత్రములను నీలితెరపాలు చేసెను. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులను కలముతో వ్రాసి యిచ్చిరి. ఆ వార్త చదివిన మన గుమాస్తా ముఖము వెలిగిన తీరు వర్ణింప నలవిగాదు. తన యేళ్ళతరబడి బద్ధకమునకు ముందుచూపను బిరుదు దక్కినది.

గుడివాడలో ధాన్యపు వ్యాపారి యొకరి గోడు వేరు. కోతల రోజులలో, కాటామీద లారీ నిలిచి, చీటీ కొరకు డ్రైవరు కిటికీలో చేయి చాపియుండగా, తెర నీలమై, '35 శాతము పూర్తి, కంప్యూటరును ఆపవలదు' అని చుక్కలు గిరగిర తిరుగనారంభించును. "ఇదేమి శనిరా నాయనా, రాత్రంతా ఖాళీగానే యున్నది గదా!" యని యాయన వాపోవుట అన్యాయము గాదు. పనివేళలు ఇవియని యంత్రమునకు ముందే తెలుపు ఏర్పాటు అందే గలదు; ఆ వేళలలో అది తనంతట రీస్టార్టు కాదు. భద్రతాలోపముల దిద్దుబాట్లను దానికే వదలి, కొత్త హంగులను రెండు వారములు ఇతరులమీద ప్రయోగింపనిచ్చి పిమ్మట గ్రహించుట, ఫైళ్ళ నకలు వేరొకచోట నుంచుట నా మతము. కాని ఆ ఏర్పాటును వెదకి పెట్టుకొనుటయు వ్యాపారిగారి 'తర్వాత' జాబితాలోనే యున్నది.

ఇక గుమాస్తాగారి వ్రతమునకు ఫలసిద్ధి కలిగినది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ముగిసినవి. ప్రత్యేకముగ నమోదు చేసికొననివారి యంత్రములకు దిద్దుబాట్లు రావు. తన కంప్యూటరుకు ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చి, నెలనెలా విసిగించుట మానినదని యాయన వచ్చినవారికెల్ల చెప్పుకొనుచున్నాడు.