పాసుపుస్తకమా, నీకు జేజేలు

తల్లీ పట్టాదారు పాసుపుస్తకమా! దొర్నిపాడు మండలంలో నీ అంత మాట మీద నిలబడేది ఇంకొకటి లేదు. నీలో పేరెక్కిన మనిషిని నువ్వు ఎన్నటికీ విడిచిపెట్టవు. అతను కేసీ కెనాల్ గట్టు తొక్కి ఏళ్లయినా, నంద్యాలలోనో హైదరాబాదులోనో కాపురముంటున్నా, తన చేలో ఈ ఏడు వరి వేశారో శనగ వేశారో ఎరగకపోయినా, నీకు మాత్రం అతనే రైతు.

ఢిల్లీ కూడా నీ మాట జవదాటదు. 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ మొదలుపెట్టినప్పుడు అది అడిగింది నిన్నే. తొలుత రెండు హెక్టార్ల లోపు వారికే అన్నారు, కొన్ని నెలలకే ఆ హద్దు కూడా తీసేశారు. ఏడాదికి 6,000 రూపాయలు, విడతకు 2,000, దళారీ లేకుండా నేరుగా బ్యాంకు ఖాతాలోకి. ఎవరి చేయీ తడపకుండా సర్కారు సొమ్ము ఊరికి రావడం చిన్న సంగతి కాదు, దానికి మనసారా దండం పెడతాను. ఆ సొమ్ము నీలో ఉన్న పేరును వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోతుంది. గెనెం మీద నిలబడి మందు కొట్టే మనిషి దగ్గర ఆగి ఆలస్యం చేసుకోదు.

అమరావతిలో ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లూ మారాయి. 2019 అక్టోబరులో వచ్చిన రైతు భరోసా 13,500 ఇచ్చింది. 2025 ఆగస్టు 2న దర్శిలో మొదలైన అన్నదాత సుఖీభవ 20,000 అంది. రెండింటిలోనూ కేంద్రం ఇచ్చే 6,000 కలిసే ఉంది. నీ పెత్తనం మాత్రం చెక్కుచెదరలేదు. తెలంగాణలో నీ వైభవం ఇంకా గొప్పది. 2018లో అక్కడ రైతుబంధు ఎకరాకు ఇంతని లెక్కగట్టింది, పైన హద్దు పెట్టలేదు. ఎకరాలెక్కువ ఉన్నవారికి సాయమూ ఎక్కువే అందింది.

గుత్త రైతును నువ్వు మరిచావంటే నేనొప్పుకోను. 2011లో అతనికి రుణ అర్హత కార్డు ఇప్పించావు. 2019 చట్టంతో 11 నెలలకు సాగు హక్కు పత్రం కూడా తెచ్చావు. దాని మీద పొలం యజమాని సంతకం ఉండాలన్నావు. పెద్దల మాట మీరని చట్టం! సంతకం పెడితే భూమికి ఎసరొస్తుందేమోనని యజమాని జంకుతాడు. గుత్త రైతు గట్టిగా అడగడు, వచ్చే ఏడు ఆ చేను దక్కాలి కదా. పత్రం లేదు గనుక బ్యాంకు అప్పివ్వదు, ఎరువుల అంగడిలో వడ్డీకి తెస్తాడు. గుత్త కట్టినవాడు, విత్తనం కొన్నవాడు, వాన ముంచితే మునిగేవాడు ఒకడే. అతని పేరు నీలో లేకపోవడం వల్ల నీ పేజీలకు బురద అంటలేదు.

రైతు భరోసా రోజుల్లో భూమిలేని గుత్త రైతుల్లోనూ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలనే ఎంచుకున్నారు. మిగతా కులాల్లోని పేదవాడి శనగకు పురుగు పట్టదని నమ్మారు కాబోలు!

ఇన్ని ప్రభుత్వాలను నీ వెంట నడిపించుకున్నదానివి, నీకు చేతకానిది లేదు. ఈ-పంట నమోదుకు వచ్చే ఉద్యోగి చేలో దిగి అడిగితే, దున్నుతున్నదెవరో పక్క చేనువాళ్లే చెబుతారు. ఆ సాక్ష్యంతోనే, యజమాని సంతకం అడగకుండా, గుత్త రైతుకు సాగు హక్కు పత్రం ఇప్పించు తల్లీ. ఈ రబీకి శనగ విత్తేలోపే ఇప్పించు.